సైకిలు కడుపులో బురద

మొన్న మా మనవడు వరండాలో సైకిలు తలకిందులుగా పెట్టుకుని కూర్చున్నాడు. పెడళ్ల మధ్య ఇరుసు దగ్గర ఏదో శబ్దం వస్తోందట. పట్నంలో షాపువాడి చుట్టూ తిరగడం తన వల్ల కాదని, తానే విప్పి బాగుచేసుకుంటానని మొదలుపెట్టాడు. నేను గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. వాడు పళ్లెంలో కిరసనాయిలు పోయగానే నా చేయి ఆగిపోయింది.

"ఆజీ, హియాఁ నై బైఠో, మహకే హై," అన్నాడు వాడు. ఇక్కడ కూర్చోకు నాయనమ్మా, కంపు కొడుతోంది అని.

నేను లేవలేదు. ఎందుకు లేవలేదో వాడికి చెప్పలేకపోయాను. నా తెలుగు వాడికి రాదు. వాడి హిందీలో నాకు ఈ కథ చెప్పడం రాదు. అందుకని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నా చిన్నప్పుడు మేము ఈ దీవిలోనే వాయిలేవు అనే ఊళ్లో ఏటికి ఇవతల ఉండేవాళ్లం. మద్రాసులో ఓడ ఎక్కించేటప్పుడు వేలిముద్ర వేయించుకున్న కూలి ఒప్పందాన్ని మావాళ్లు గిరిమిట్టు అనేవారు. మా అమ్మా నాయనా గిరిమిట్టు ముగించుకుని లైన్లలోంచి బయటపడ్డారు. లైన్లంటే కూలీల చెక్క గదుల వరస. గోడ అవతలివాడు నిద్రలో మూలిగినా ఇవతలికి వినిపించేది. అక్కడినుంచి వచ్చాక రెల్లు గోడల మీద గడ్డి కప్పుకున్న మా ఒంటి గుడిసె నాకు రాజభవనంలా ఉండేది. చుట్టూ చెరుకే. గాలి మిల్లు వైపునుంచి వీస్తే ఉడుకుతున్న పాకం వాసన, సముద్రం పోటు తగ్గినప్పుడు మడ అడవి వైపునుంచి వీస్తే కుళ్లిన గుడ్ల వాసన. అమ్మ దాలో అనే ఇక్కడి చేమదుంపల పులుసు పెట్టేది. పక్క పొలం ఉత్తరాది ఆవిడ దగ్గర రొట్టెలు నేర్చుకుంది గాని, అవి ఎప్పుడూ ఒక మూల మాడేవి. నాయన మిల్లులో చెరుకు బళ్లను లాగే ఇంజన్లకు గ్రీజు పెట్టేవాడు. ఆయన తల నిమిరితే నా జుట్టుకి కూడా ఆ వాసన అంటుకునేది.

మా అమ్మతో ఒకే ఓడలో వచ్చిన ఒకాయన ఉండేవాడు. ఒకే ఓడలో వచ్చినవాళ్లు తోడబుట్టిన వాళ్లకింద లెక్క. అమ్మ ఆయన్ని అన్నా అనేది, నేను మామా అనేదాన్ని. మామకీ గిరిమిట్టు అయిపోయింది. దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక తెల్ల కులంబరు దగ్గర పాత సైకిలు కొనుక్కుని, వెనక రేకు పెట్టె కట్టుకుని, లైను లైనుకీ తిరిగి గాజులు అమ్మేవాడు. పొలాల మీద కూలీలతో పని చేయించే దొరని అందరూ కులంబరు అనేవారు. అతని కింద మనవాళ్లలోంచే ఒక సర్దారు ఉండేవాడు. దొర అరిస్తే సర్దారు కొట్టేవాడు.

ఆ సైకిలుకో జబ్బు ఉండేది. పెడలు ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా లోపల ఎక్కడో "కటక్" మనేది. చెరుకు తోటల మధ్య మనిషి కనపడకపోయినా ఆ కటక్, కటక్ ముందు వచ్చేది. లైన్లలో ఆడవాళ్లు అది వినగానే చేతులు కడుక్కుని గుమ్మాల్లోకి వచ్చేవాళ్లు. కుక్కలు సైతం మొరిగేవి కావు. "గ్రీజు పెట్టి తెత్తాను, ఇలాగియ్యి బావా," అని నాయన ఎన్నిసార్లు అడిగినా మామ ఇచ్చేవాడు కాదు. "ఊరుకో బావా. ఇది నా గంట," అనేవాడు.

మామ పెళ్లాం మా అత్త. పిల్లల్లేరు. రెండు చేతులకీ మోచేతుల దాకా గాజులు. ఎర్రవి, పచ్చవి, సీసా రంగువి. "అమ్ముడుపోని సరుకంతా నా సేతులికే," అని నవ్వేది. నేనంటే ప్రాణం. నేనేం తప్పు చేసినా అమ్మ చేతికి అందకుండా తన వెనక దాచేసేది.

ఆ యేడు చెరుకు కోతల్లో సర్దారు ఒక ఆడమనిషిని చేలో కర్రతో కొట్టాడు. ఆవిడ లేవలేకపోయింది. ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. గాజులమ్ముకోవడానికి వచ్చిన మామ పెట్టె విప్పి పక్కన పడేసి, ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని, తన తలపాగాతో తన నడుముకి కట్టుకుని, పట్నంలో ఆసుపత్రి దాకా తొక్కుకుంటూ వెళ్లాడు. ఎవడు కొట్టాడో అక్కడ తెల్లదొరకు పేరు పెట్టి చెప్పాడు. ఆవిడ బతకలేదు. సర్దారుని పిలిచి అందరి ముందూ చీవాట్లు పెట్టారు. అంతే. వాడి ఉద్యోగం వాడికుంది. కాని ఆ రోజునుంచి సైకిలు శబ్దం వినిపిస్తే సర్దారు పని ఆపి అటే చూస్తూ నిలబడేవాడని లైన్లలో చెప్పుకునేవారు.

తర్వాత వానలు పట్టాయి. ఏరు నిండుగా పారింది. ఒకనాడు గాజులకు వెళ్లిన మామ తిరిగి రాలేదు. వాన తగ్గాక చూస్తే రేవు దగ్గర ఎర్రమట్టి గట్టు మీద, మామిడిచెట్టుకి ఆనించి సైకిలు ఉంది. వానకి కడుక్కుపోయి కొత్తదానిలా ఉంది. గాజుల పెట్టె లేదు.

సర్దారు తనంతట తానే మా ఇంటికి వచ్చాడు. "ఊ భాగ్ గయిస్," అన్నాడు. వాడు పారిపోయాడు, పై తోటలోని ఒక ఆడమనిషితో సువా పట్నానికి పోయే పడవ ఎక్కుతుంటే తన కళ్లతో చూశానని. లైన్లంతా అదే మాట పాకింది.

ఆ మాట విని అత్త మా ఇంటికి వచ్చేసింది. సైకిలు తెచ్చుకుని గుడిసె లోపలి గోడకి ఆనించుకుంది. దాన్ని ఎవరినీ తాకనిచ్చేది కాదు. గాజులు తీయలేదు. "ఎవత్తినో తీసుకుని ఎల్లినాడని అనుకుంటే గాజులెందుకు వదినా?" అని అమ్మ ఒకసారి మెల్లిగా అడిగింది. "ఎల్లినోడు ఒత్తాడు గదేటి," అంది అత్త.

కొన్నాళ్లకి మొదలైంది. పొద్దు వాలే వేళకి అత్త చేస్తున్న పని ఆపి తల ఎత్తేది. "ఇన్నావా?" అనేది నాతో.

నాకేమీ వినిపించేది కాదు. చెరుకాకుల రాపిడి, ఎక్కడో కప్పలు. అత్త మాత్రం లేచి దారిదాకా వెళ్లి నిలబడేది. చీకటి పడేముందు తిరిగి వచ్చేది. మొదట దారిదాకే. తర్వాత మలుపుదాకా. తర్వాత రేవు కనిపించే దాకా. నేను వెంట వెళ్లేదాన్ని. నడుస్తూ ఆమె పెదవులు కదిలేవి, కటక్, కటక్, కటక్ అని తాళం వేసుకుంటూ. నాకు వినపడని శబ్దానికి ఆమె అడుగులు సరిగ్గా పడుతుంటే నా వీపు మీద వెంట్రుకలు లేచేవి. ఇంటికి వచ్చాక గోడకి ఆనించిన సైకిలుని చూడాలంటే భయమేసేది. దాని వైపు వీపు పెట్టి పడుకునేదాన్ని కాదు.

యేడాది గడిచాక ఒక సాయంత్రం నేను జామచెట్టెక్కి కాయలు కోసుకుంటూ ఆమె వెళ్లడం చూసుకోలేదు. నాయన మిల్లునుంచి వస్తుంటే ఏట్లో కనిపించిందట, నడుము లోతులో. చెయ్యి పట్టుకుని లాగితే, "ఉండు, అవతల గట్టుకాడ దిగినాడు, పిలుత్తన్నాడు," అందట.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. తెల్లారాక నాయన మిల్లుకి వెళ్లలేదు. సైకిలు పట్టుకుని వాకిట్లోకి తెచ్చాడు.

అత్త అడ్డం వచ్చింది. "దాన్ని ముట్టుకోకన్నా."

"ఆ సప్పుడు ఇనుంలోది సెల్లమ్మా," అన్నాడు నాయన. "మనిషిలోది కాదు. నీ కళ్లెదరే ఇనుంలోంచి తీసి పారేత్తాను. రేపట్నుంచి అది ఎక్కడ ఇనిపించినా అబద్ధవని నీకే తెలుత్తాది."

అత్త చాలాసేపు ఆయన్నే చూసింది. తర్వాత పక్కకి జరిగి మెట్టు మీద కూర్చుంది. గాజులు ఒకసారి గలగలమని ఊరుకున్నాయి.

నాయన సైకిలు తిరగేసి సీటు మీద నిలబెట్టాడు. చైను తప్పించాడు. పెడలు కాడల్ని ఇరుసుకి బిగించే మేకుల్లాంటి పిన్నులుంటాయి. వాటి కింద చెక్క ముక్క పెట్టి సుత్తితో కొట్టాడు. అవి తుప్పుపట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి కాసేపాగి, మళ్లీ కొట్టాడు. ఒకటి ఊడింది, తర్వాత రెండోది. కాడలు రెండూ తీసి నా ఒళ్లో పెట్టాడు. ఎడమ పక్క బిగువుగా ఉన్న ఇనుప వలయాన్ని ఉలితో తట్టి తట్టి తిప్పాడు. దాని లోపలి గిన్నెలాంటి మూత తిప్పుతుంటే, నేను కింద పళ్లెం పట్టుకున్నాను.

ఉక్కు గుండ్లు టపటపా రాలాయి. వాటిలో ఒక గుండు రెండు ముక్కలైపోయి ఉంది. "ఇదిగో, ఇదీ నీ కటక్," అని నాయన ఆ ముక్కల్ని అత్తకి చూపించబోయాడు. ఆయన ముఖంలో ఎంతో తేలిక కనిపించింది. నేను ఒక గుండు నోట్లో వేసుకుని చప్పరించాను. కిరసనాయిలు, ఇనుము, ఇంకేదో ఉప్పదనం. అమ్మ వీపు మీద ఒక్కటిచ్చి ఉమ్మించింది.

నాయన ఇరుసు బయటికి లాగాడు. దానితోపాటు నల్లటి ముద్ద ఒకటి జారి పళ్లెంలో పడింది. గ్రీజు అనుకున్నాం. నాయన వేలితో తీసి రుద్దాడు. గ్రీజు కాదు. నా చేయి సన్నగా ఉంటుందని, లోపల వేళ్లు పెట్టి తోడమన్నాడు. చల్లగా తగిలింది. యేడాదిగా ఇంట్లో పొడిగా ఉన్న సైకిలు, వాకిట్లో ఎండలో ఉన్న ఇనుము, లోపల మాత్రం ఏటి అడుగులా చల్లగా, మెత్తగా ఉంది. పిడికిట్లోకి తీశాను. నల్ల బురద. అందులో గోరంత నత్త గుల్లలు. కుళ్లిన గుడ్ల వాసన.

 మెట్టు మీద కూర్చున్న అత్త లేచి వచ్చింది. నా పిడికిలి విప్పి ఆ బురద తన అరచేతిలో వేసుకుని వాసన చూసింది.

"ఇది రేవుకాడ మట్టి కాదు," అంది. "ఇది మడలో బురద."

రేవు దగ్గరంతా ఎర్రమట్టే. నల్ల బురద ఏటికి చాలా దిగువన, సముద్రపు నీళ్లు కలిసే చోట మడ అడవిలోనే ఉంటుంది. నాయన గొంతుక్కూర్చుని చేతిలో ఇరుసుని తిప్పి చూశాడు.  "బురదలో మునిగిపోయిన సైకిలు తనంతట తాను పైకొచ్చి, ఇంత దూరం నడిసి, సెట్టుకి ఆనుకోదు."

అప్పుడు అర్థమైంది మాకు. ఎవరో దాన్ని మడలోంచి తీసి, కడిగి, రేవు దగ్గర అందరికీ కనపడేలా నిలబెట్టారు. పైన కడగగలిగారు. లోపల కడగలేకపోయారు.

మర్నాడు పోటు తగ్గే వేళకి మేము ముగ్గురం మడలోకి వెళ్లాం. అమ్మ వద్దంటున్నా అత్త నా చెయ్యి వదల్లేదు. మోకాళ్ల దాకా దిగబడుతూ నడిచాం. పక్షి అన్నది లేదు. బురదలో బుడగలు పైకి వచ్చి, పెదవులు విప్పినట్టు చప్పుడు చేసి పగిలేవి. మడచెట్ల కాయలు పొడుగ్గా వేళ్లలా ఉంటాయి. అవి రాలి బురదలో నిలువుగా గుచ్చుకుని అక్కడే మొలకెత్తుతాయి. ఒక మలుపు తిరిగేసరికి అలాంటి మొలకలు గుంపుగా నిలబడి ఉన్నాయి, భూమిలోంచి చేతులు పైకి చాచినట్టు.

వాటికి గాజులున్నాయి.

అన్నిటికీ కాదు. కొన్నిటికే. ఎర్రవి, పచ్చవి, సీసా రంగువి. బురదలో చెల్లాచెదురైన గాజుల మధ్యలోంచి మొలకలు పైకి లేచాయని తర్వాత నాయన చెప్పాడు. అప్పుడు మాత్రం ఆయన కూడా నా తల తన కడుపుకి అదుముకున్నాడు. కొంచెం అవతల రేకు పెట్టె మూత కనిపించింది. మామ కనిపించలేదు. ఎన్నడూ కనిపించలేదు.

అత్త ఏడవలేదు. ఆ మొలకల దగ్గర కూర్చుని, "సువా ఎల్లనేదు," అంది. "నన్నొగ్గేసి ఎల్లనేదు. ఇక్కడే ఉన్నాడు." ఆ గొంతులో సంతోషం లాంటిది విని నాకు ఇంకా భయమేసింది.

నాయన కులంబరు దగ్గరికి వెళ్లి చెప్పాడు. "శవం ఏదీ?" అని అడిగాడట కులంబరు. బురద చూపిస్తే చేత్తో ముక్కు మూసుకున్నాడట. అంతటితో సరి.

ఆ సాయంత్రం అత్త ఏటి ఒడ్డున తలంటుకుని వచ్చి, మెట్టు మీద కూర్చుని గాజులు ఒక్కొక్కటే తీసింది. పగలగొట్టనివ్వలేదు. "మంచి సరుకు, బద్దలుకొట్టడం దేనికి?" అని గుడ్డలో మూటకట్టింది. బోసి చేతులతో వెళ్లి బియ్యం కడుగుతోంది. అమ్మ దీపం వెలిగిస్తోంది. నాయన వాకిట్లో ఉన్నాడు. పెడళ్లు, ఇరుసు, గుండ్లు అన్నీ ఇంకా కిరసనాయిల్లోనే ఉన్నాయి.

దారి మీద వినిపించింది. కటక్.

అమ్మ చేతిలో అగ్గిపుల్ల ఆరిపోయింది. కటక్. కటక్. మలుపునుంచి మా ఇంటి ముందుకి వచ్చింది. ఆగలేదు. అలాగే లైన్ల వైపు వెళ్లిపోయింది. నాయన పళ్లెంలో ఇనుప ముక్కల్ని చూస్తున్నాడు, దారిని చూడటం లేదు. నేను అత్తని చూశాను. ఆమె తల ఎత్తలేదు.

"అత్తా, విన్నావా?" అన్నాను.

"ఏటే గుంటా?" అంది, బియ్యపు నీళ్లు వంచుతూ.

ఆమె మళ్లీ ఎప్పుడూ ఆ శబ్దం వినలేదు. మేమూ వినలేదు.

నాయన మిల్లులో ఇంజన్లకు వాడే గ్రీజు తెచ్చి, కొత్త గుండ్లు దొరికించుకుని, ఒక్కొక్కటే గిన్నెల్లో అద్ది ఇరుసు దించాడు. మూత బిగించి, ఇరుసుని అటూ ఇటూ కదిపి, కొంచెం వదులు చేసి, వలయం తిప్పి, చివరికి వేలితో పెడలుని తట్టాడు. అది చప్పుడు లేకుండా తిరిగి, తిరిగి, తనకు తోచినప్పుడు ఆగింది. "అమ్మేద్దావా సెల్లమ్మా?" అని అడిగాడు.

"నాకు నేర్పు," అంది అత్త.

ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఏ ఆడమనిషీ సైకిలు ఎక్కిందని వినలేదు. చీర కచ్చాపోసి కట్టుకుని, మా వాకిట్లో, చెరుకు గట్ల మీద, నాయన సీటు పట్టుకుని పరిగెడుతుంటే నేర్చుకుంది. మోకాళ్లు చెక్కుకుపోయినా ఆపలేదు. తర్వాత మూటలోని గాజులు కొత్త పెట్టెలో పెట్టుకుని లైన్లకి బయల్దేరింది. మామ తిరిగిన దారుల్లోనే తిరిగేది. సైకిలు ఇప్పుడు చప్పుడు చేసేది కాదు. పక్కకొచ్చే దాకా తెలిసేది కాదు. మొదట్లో లైన్లలో కొందరు ఉలిక్కిపడి దండం పెట్టేవాళ్లు.

కొన్నాళ్లకి సర్దారు మా తోటలోంచి వెళ్లిపోయాడు. ఎవరూ పొమ్మనలేదు. తానే వేరే చోటికి అడుక్కుని వెళ్లిపోయాడని విన్నాం. ఎందుకో నాకు చాలా యేళ్ల దాకా తెలియదు. నా పెళ్లయి, పిల్లలు పుట్టి, అత్త తొక్కడం మానేసి మా ఇంట్లో మూల కూర్చున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ తానే చెప్పింది.

లైన్లనుంచి వస్తుంటే ముందు సర్దారు ఒక్కడే నడుస్తూ కనిపించాడట. చప్పుడు లేదు గదా, వాడికి తెలియలేదు. దగ్గరికి వచ్చాక తిరిగి చూశాడట. అరిచి, మోకాళ్ల మీద కూలబడి, చేతులు రెండూ అడ్డం పెట్టుకుని, "హమ్ అకేల్ నై మారా, హమ్ అకేల్ నై మారా," అన్నాడట. నేనొక్కణ్ణే చంపలేదు అని.

"ఇంకా ఎవరు అని అడగలేదా అత్తా?"

"అడిగినాను. నా మాట ఆడికి ఇనపడనేదే."

"నిన్ను చూసి అంత భయపడ్డాడా?"

అత్త ఒలిచిన గింజల్ని చేటలో సర్దింది. ముఖంలో ఏ మార్పూ లేదు.

"నన్ను సూసి కాదే. ఆడు నా ముకం సూడనేదు. నా ఎనకాల సూసినాడు. పెట్టె మీద."

 నేను అడిగాను, నువ్వు వెనక్కి తిరిగి చూశావా అని.

"నేదు," అంది అత్త. "బండి బరువుగా ఉన్నాది. అలాగే తొక్కుకుంటా ఇంటికి ఒచ్చేసినాను."